పది లెక్కపెట్టేలోగా

సర్వేయరమ్మగారికి,

మీ ఇంటి పెయింటరు రాసుకునేది. ఇక్కడ మేమిద్దరం క్షేమం.

పై వాక్యం మీద ఒక గీత కనిపిస్తోందా? నేనే కొట్టాను. గీత కింది మాటలు చదవడానికి వీలుగానే కొట్టాను. ఎందుకో చివర్లో చెబుతాను. కంగారు పడకు, ఒంట్లో ఇద్దరికీ బాగానే ఉంది. నువ్వు ఆ కొండల్లో, గుడారంలో ఎలా ఉన్నావో అన్నదే మా దిగులు. వారానికోసారి వచ్చే మీ జీపు ఈ ఉత్తరాన్ని తడపకుండా తెచ్చిస్తే చాలు.

నీ పోయిన ఉత్తరం చదివితే, నువ్వు రోడ్డుకి కొలతలు తీస్తున్నావో మాకు తీస్తున్నావో అర్థం కాలేదు. అన్ని ప్రశ్నలా! మన పిల్ల బుడంకాయ బాగానే తింటోంది. నా వంట తిని కూడా కాస్త ఒళ్లు చేసిందంటే నీకు ఉక్రోషం వస్తుందేమో. జడలు నేనే వేస్తున్నాను. ఒకటి తూర్పుకి చూస్తే రెండోది పడమరకి చూస్తుంది గానీ, సాయంత్రం దాకా ఊడిపోవు. వర్షానికి కారిన వంటింటి మూల బాగు చేయించాను. కొత్త బూట్లు ఇంకా కొనలేదు, కాలు పెరిగేలా ఉంది.

ఇక వేసవి రాత క్లాసు సంగతి. ఏం నేర్పుతున్నారు, మనమ్మాయికి ఏమైనా అబ్బిందా, నేను లోపలికి వెళ్లి టీచరుతో మాట్లాడానా లేక ఎప్పటిలా గేటు దగ్గర దింపేసి పారిపోతున్నానా అని అడిగావు. మొదటి రెండింటికీ మనసారా జవాబిస్తాను. మూడోది కాసేపు పక్కన పెట్టు.

ఐదు పూర్తి చేసి ఆరులోకి వెళ్లే పిల్లలకి ఈ క్లాసు. పెద్దబడిలోనే పెట్టారు, బడి తెరిచేలోగా గదులూ మెట్లూ అలవాటవుతాయని. మన బుడంకాయ ఐదేళ్లు చదివిన చిన్నబడి మొత్తం ఈ బడి వరండాలో ఇమిడిపోతుంది. భాష చెప్పే టీచర్లంతా సెలవుల్లో ఉన్నారట, లెక్కల టీచరమ్మ ఒప్పుకుంది. లెక్కలావిడ రాత నేర్పడమేమిటని నేను పెదవి విరిచాను. ఇప్పుడు లెంపలేసుకుంటున్నాను.

బడికి ఎదురుగా ఉన్న చెప్పుల షాపుకి బోర్డు రాసే పని నాకు దొరికింది. నిచ్చెన ఎక్కితే సరిగ్గా వాళ్ల క్లాసు కిటికీలు కనిపిస్తాయి. చూస్తూ చూస్తూ పని నత్తనడక నడిచింది. "ఎనిమిది అక్షరాలకి పది రోజులా? నా మనవడి పెళ్లికైనా అవుతుందా?" అని షాపాయన కింద నుంచి ఒకటే సణుగుడు.

ఆవిడ గుమ్మం దగ్గర ఒక ఖాళీ బిస్కెట్ల డబ్బా పెట్టింది. లోపలికి వెళ్లేవాళ్లంతా రబ్బరు అందులో వేసి వెళ్లాలి. తప్పు రాస్తే తుడవకూడదు. సన్నగా ఒకే గీత కొట్టి, పక్కన మళ్లీ రాసుకోవాలి. "లెక్కలో మెట్లు చూపించకపోతే నేను మార్కులు వెయ్యను. ఇక్కడా అంతే. ఎలా వచ్చారో నాకు కనబడాలి" అంటుందట. ఇవన్నీ ఇంటికొచ్చాక బుడంకాయ చెబుతుంది, చేతులు నడుముకి పెట్టుకుని, అచ్చం ఆవిడలాగే.

పిల్లలకి ఆవిడ ఇచ్చిన పని ఒక్కటే. "మీకంటే ఎక్కువ భయపడే పిల్ల ఎక్కడో ఉంటుంది. ఆ పిల్లకి ఈ బడి గురించి రాయండి." బడి తెరిచే రోజున ఆ పేజీలన్నీ గేటు పక్క గోడకి అతికిస్తారు.

ఒకడు "ఈ బడి చాలా పెద్దది" అని రాశాడట. ఆవిడ అది తప్పనలేదు, టేపు చేతికిచ్చి "ఎంత పెద్దది?" అని అడిగింది. వాడు ఎండలో పాక్కుంటూ కొలవడం నేను నిచ్చెన మీద నుంచి చూశాను. తిరిగొచ్చి ఏం రాశాడో విను. "కుళాయి నుంచి మన గదికి నూట పన్నెండు అడుగులు. బెల్లు కొట్టాక పరిగెత్తకు, నడిచినా వేళకి చేరతావు." ఇంకో పిల్ల, "రెండో అంతస్తు మెట్లలో ఏడోది కదులుతుంది. పడదు. మేమంతా ఎక్కి చూశాం" అని రాసింది. నీలాంటి సర్వేయరమ్మ కూడా మెచ్చుకునే రాత కదూ! ఇరవై ఏళ్లుగా ఊరంతా అక్షరాలు రాశాను, ఒక మనిషికి ధైర్యం చెప్పే మాట ఒక్కటి కూడా రాసి ఉండను. ఆవిడంటే నాకు చెప్పలేనంత గౌరవం కలిగింది.

మనమ్మాయి సంగతా? నోట్లోంచి మాట రావడానికి ముహూర్తం చూసుకునే పిల్ల, పేజీలకు పేజీలు రాస్తోంది. వేళ్లకి పెన్సిలు మసి, బుగ్గకి మసి. ఇక్కడ ఆపేస్తే ఉత్తరం ఎంత బాగుండేదో. కానీ ఆపితే నీకు అబద్ధం చెప్పినట్టే.

పోయిన బుధవారం గోడకి అతికించాల్సిన పేజీ ఇంటికి తెచ్చి నా చేతిలో పెట్టి, పక్కింట్లో ఆడుకోవడానికి వెళ్లింది. పేజీలో తొమ్మిది చోట్ల గీతలు కొట్టి ఉన్నాయి. నా వృత్తి నీకు తెలుసు, అక్షరం అంచు చెదిరితే టర్పెంటైన్ గుడ్డతో తుడిచేసే దాకా నాకు ఊపిరాడదు. అందులో "నాకు భయం లేదు" అని రాసి కొట్టేసింది. కింద ఇలా ఉంది. "నాకు భయంగానే ఉంది. ఈ గేటు చూస్తే కాళ్లు వెనక్కి పోదామంటాయి. నీకూ అలాగే ఉంటే గేటు దగ్గర ఆగి పది లెక్కపెట్టు. నేను రోజూ లెక్కపెడతాను. పదిలోగా కాళ్లు మాట వింటాయి."

నా కూతురి భయం ఊరంతా చదవడమా అనిపించింది. మంచి అట్ట తీసి, నా చేతిలో ఉన్న పనితనమంతా పెట్టి, గీత అన్నది లేకుండా దాన్ని మళ్లీ రాశాను. "నాకు భయం లేదు" అన్నది ఉంచాను. పది అంకెలూ, మాట వినని కాళ్లూ తీసేశాను. ఆ అట్టని బుడంకాయ సంచిలో పెట్టి, అసలు పేజీ నా రంగుల పెట్టెలో దాచాను. ముచ్చట పడుతుందనుకున్నాను!

గురువారం మధ్యాహ్నం క్లాసు వదలగానే నిచ్చెన కిందికి వచ్చి నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఇది నాది కాదు నాన్నా. నేను కొట్టేసింది నువ్వు ఉంచావు, ఉంచింది కొట్టేశావు."

"బాగుంటుందని కదమ్మా..."

"ఇది చదివిన పిల్ల, తనొక్కతే భయపడుతోందని అనుకోదూ? నేను ఇంక రాను. పెద్దబడికి కూడా రాను."

మర్నాడు నిజంగానే లేవలేదు. మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుంది. జడ వేయనివ్వలేదు. దువ్వెన పట్టుకుని ఆ మంచం పక్కనే కూర్చున్నప్పుడు, నా నోటి నుంచి వచ్చేసింది. నీకు కూడా ఎప్పుడూ చెప్పని సంగతి.

మన పరిచయమైన కొత్తలో ఎంతవరకు చదివావని అడిగావు, పది అన్నాను. అబద్ధం. ఐదుతో సరి. ఇదే పెద్దబడి, ఇదే గేటు. మూడు రోజులు గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగి పార్కులో కూర్చున్నాను. నాలుగో రోజు ఇంట్లో తెలిసిపోయింది. వీడికి చదువు రాదులే అన్నారు. నాకు రానిది చదువు కాదు, ఆ గేటు దాటడం. అందుకే ఇన్నాళ్లూ నిచ్చెన మీద నుంచి చూశాను గానీ, లోపలికి అడుగు పెట్టలేదు. నీ మూడో ప్రశ్నకి జవాబు ఇదే. పదిహేనేళ్లు దాచాను, క్షమించు.

అంతా విని బుడంకాయ గోడవైపు నుంచి ఇటు తిరిగింది. "అయితే నేను రాసింది నీకే కదా" అంది. తర్వాత జడ వేయమని వీపు చూపించింది.

పెట్టెలోంచి ఆ పేజీ తీసుకుని ఇద్దరం వెళ్లాం. గేటు దగ్గర నా కాళ్లు మళ్లీ అదే నాటకం మొదలుపెట్టాయి, ఈ వయసులో! బుడంకాయ నా వేలు పట్టుకుని గట్టిగా లెక్కపెట్టింది. ఏడు దగ్గర కదిలాను. ఎనిమిది, తొమ్మిది, పది వరండాలో లెక్కపెట్టాం.

చేసిన పని టీచరమ్మతో చెప్పేశాను. ఆవిడ కోప్పడలేదు. "రోజూ నిచ్చెన మీద నుంచి చూసేది మీరేనా? లోపలికి రావడానికి ఎంత చుట్టుదారి!" అని నవ్వి, బిస్కెట్ల డబ్బా ముందుకు తోసింది. నా దగ్గర రబ్బరు లేదన్నాను. జేబులోంచి వేలాడుతున్న టర్పెంటైన్ గుడ్డ చూపించింది. అది డబ్బాలో వేసి, మోకాళ్లు పట్టని ఆ బెంచీ మీద కూర్చున్నాను. ఈ ఉత్తరం అక్కడే మొదలుపెట్టాను.

మొదటి వాక్యం క్షేమమని రాసి, ఇంత దాచుకున్నవాడు క్షేమమేమిటని కొట్టేశాను. ఇప్పుడు మనసు తేలిగ్గా ఉంది, కానీ నీ జవాబు వచ్చే దాకా దాన్ని మళ్లీ రాయను. బుడంకాయ పేజీ తొమ్మిది గీతలతో అలాగే గోడెక్కుతుంది. అన్నిటికంటే కిందుగా అతికించమని పట్టుబట్టింది, భయపడేవాళ్లు తల దించుకుని నడుస్తారట.

నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు. తిట్టి, మనసొప్పక కొట్టేస్తే మాత్రం గీత సన్నగా కొట్టు. కింద ఉన్నది కూడా నేను చదువుకోవాలి.

ఇట్లు,
ఆరో తరగతిలో ఒక పూట కూర్చున్న
నీ మొగుడు, బుడంకాయ నాన్న