గడప తొక్కి పిలవందే ఎవరొస్తారు

ఆళ్లగడ్డలో ఉండే మా అక్క సుగుణమ్మకు, నీ చెల్లెలు కరుణమ్మ ప్రభువు పేరిట వందనాలు చేసి రాసుకునేది. ఇక్కడ నేను, నా కూతురు శాంతి, దాని చంటిది దేవుని దయవల్ల బాగున్నాము. నీ మోకాలి నొప్పి ఎట్లుంది? బావ చక్కెర మాత్రలు వేళకు మింగుతున్నాడా? మింగినానని చెప్పి జేబులో వేసుకుంటాడు, నోరు తెరిపించి చూడు.

ఫోనుండగా ఉత్తరమెందుకు అనుకుంటావేమో. ఫోనులో మాట్లాడితే పక్కగదిలో శాంతి వింటుంది. ఇక్కడి గోడలు అట్టల మాదిరి ఉంటాయి. నాకు భయంగా ఉందని దాని చెవిన పడకూడదు. అది లేనప్పుడు చేద్దామంటే, నీ గొంతు వినగానే ఏడ్చేస్తాను, ఏదీ చెప్పలేను. అది డ్యూటీకి పోయినప్పుడు కొంచెం కొంచెం రాస్తున్నాను. నాది ఐదో తరగతి చదువు, తప్పులుంటే సర్దుకొని చదువుకో. మేము బాగానే ఉన్నాము, దిగులుపడవద్దు.

ఈ ఐర్లండులో వాన ఎప్పుడు పడుతుందో ఎప్పుడు ఆగుతుందో తెలియదు. మన దగ్గర వాన కోసం ఉపవాసముంటాము, ఇక్కడ ఎండ కోసం ఉండాలి. జొన్నరొట్టె లేక నోరు చచ్చిపోయింది. ఎవరైనా ఇటు వస్తుంటే కొంచెం జొన్నపిండి, కొంచెం మనింటి కారం పంపించు. అల్లుడు వేరే ఊర్లో పని, ఆదివారం వచ్చి ఆదివారమే పోతాడు. శాంతి ఆసుపత్రికి పోతే నేనూ చంటిదీ కిటికీ దగ్గర కూర్చుంటాము. బస్సు దిగి అది మలుపు తిరిగేదాకా నా ప్రాణం నా దగ్గర ఉండదు.

ఎందుకంటే చెబుతాను. శాంతి పనిచేసే ఆసుపత్రిలోనే రోగులను మంచాల మీద తోసుకుపోయే పిల్లవాడు ఒకడున్నాడు, సుధీరు, మన డోన్ వాడు. బస్టాపులో నిలబడి ఉంటే నలుగురు కుర్రాళ్లు వచ్చి, నీ రంగేమి, నీ దేశానికి నువ్వు పో, అని కొట్టినారు. కంటి కింద ఎముక విరిగింది. శాంతి దిగేది కూడా ఆ బస్టాపులోనే, అక్కా.

శాంతి ఊరుకుంటుందా? తెల్ల నర్సులతో కలిసి, శనివారం టౌన్‌హాలు ముందర, మావాళ్లను కొట్టొద్దని రాసిన అట్టలు పట్టుకొని నిలబడదామని అనుకున్నారు. మన తెలుగు సంఘం వాళ్లందరికీ ఫోను గ్రూపులో పెట్టింది. చేతులు జోడించిన బొమ్మలు వచ్చి పడినాయి, ఒకటి వెనుక ఒకటి. ఆదివారం ఆరాధనకు హాలు నిండిపోయేంత మంది ఉన్నాము కదా, అందరూ వస్తారనుకొని నేను పెద్ద గిన్నెకు చిత్రాన్నం కలిపినాను.

ఆ శనివారం మనవాళ్లు ఎవరొచ్చినారంటే, శాంతి, మొహం వాచిన సుధీరు, తోపుడుబండిలో చంటిదాన్ని పెట్టుకొని నేను. అంతే. మిగిలిన వాళ్లంతా తెల్లవాళ్లే. చిత్రాన్నం వాళ్లే తిన్నారు పాపం, ఒక ముసలామె కారానికి కండ్లనీళ్లు కారుతున్నా గిన్నె వదలలేదు. రోడ్డుకు అవతల కొందరు పోరగాళ్లు నిలబడి ఫోన్లతో మమ్మల్ని బొమ్మలు తీస్తూ అరిచినారు. ఏమని అరిచినారో నాకు అర్థం కాలేదు. శాంతి మొహం చూస్తే అర్థమైంది. చంటిదాని బండిని నా వెనక్కి లాక్కొని నిలబడినాను.

శాంతి మాటిమాటికీ రోడ్డు ఆ చివర చూస్తూనే ఉంది. సుధీరు అది చూసి, "నా పెండ్లి బిర్యానీకి పిలువు శాంతక్కా, అప్పుడు చూడు, కుర్చీలు చాలవు" అన్నాడు. నవ్వబోతే వాడికి బుగ్గ నొప్పి పుట్టింది.

ఇంటికొచ్చినాక శాంతి అన్నం తినలేదు. కొట్టినవాళ్ల మీద కూడా అంత కోపం లేదు దానికి. మనవాళ్లు ఒక్కరైనా రాలేదే అని. నాకేమో వేరే భయం. ఆ పోరగాళ్ల ఫోన్లలో ఇప్పుడు దీని మొహముంది. ఇంక చాలు, గమ్మునుండు తల్లీ అన్నాను. వచ్చే శనివారం మళ్లీ నిలబడతాము అన్నది. ఎవరూ రాకపోయినా నేనొక్కదాన్నే ఐనా నిలబడతా అన్నది.

ఆ మాట నన్ను తిననీయలేదు, పండనీయలేదు. ఒంటి మనిషినైతే కొడతారు. గుంపునైతే చూసి పోతారు. దాన్ని ఆపడం నా చేత కాదు. మరి గుంపును తేవాలి కదా.

అప్పుడు నాకు మన చిన్నాయన గుర్తుకొచ్చినాడు. నా పెండ్లికి కార్డు వేరేవాళ్ల చేత పంపినారని, ఉతికిన పంచె కట్టుకొని, నంద్యాలలో చర్చి పక్క సందులోనే ఉండి కూడా గడప దాటలేదు. మన పాటలు ఆయనకు వినబడుతూనే ఉన్నాయి. చావుకైతే పిలవకపోయినా పరుగెత్తి వస్తారు. మిగిలిన దేనికైనా ఇంటికి పోయి, ఎదురుగా నిలబడి, మీరు రావల్ల అని నోటితో అనాలి. ఫోనులో రాస్తే అది పిలుపా? శాంతికి చెబితే, "ఇది పెండ్లి కాదు మా. ఎవురి మంచికి వాళ్లు రావల్ల గాని పిలిచేదేంది" అని కసిరింది.

బుధవారం అది డ్యూటీకి పోయినాక చంటిదాన్ని బండిలో కట్టి బయలుదేరినాను. ఇంటి ప్రార్థనలకు పోయి ఉన్నందున మనవాళ్ల ఇండ్లు నాకు తెలుసు. దారి పొడుగునా కీర్తన గొణుక్కుంటూ పోయినాను. ఎదురుగా ఏ కుర్రవాడు వచ్చినా రోడ్డు దాటినాను. ఈ దేశంలో చెప్పకుండా తలుపు తడితే పోలీసు వచ్చినట్లు చూస్తారు. ఒక ఇంట్లో తెర కదిలింది, తలుపు తీయలేదు. ఒకాయన, మేము ప్రార్థన చేస్తాండాం కదా అన్నాడు. చేసుకుంటానే వచ్చి నిలబడప్పా, కండ్లు మాత్రం మూసుకోవద్దు అన్నాను.

పాణ్యం పిల్ల గ్రేసు ఉంది, వృద్ధుల ఇంట్లో పని చేస్తుంది. లోపలికి పిలిచి టీ ఇచ్చింది. తలుపు గడియ వేసి వచ్చి మెల్లగా చెప్పింది.

"రావాలనే ఉండాది పెద్దమ్మా. ఈడ ఉండేదానికి మా కాగితాలు ఇంకా రాల్యా. ఫోటో పడితే తోలేస్తారేమోనని భయం. మీకు భయం ల్యాదా?"

"భయమయ్యే వచ్చినా తల్లీ. ముందర నిలబడొద్దులే. నా ఎనకాల నిలబడు."

"మీరు ముందర నిలబడతారా?"

అవునని నోటికి వచ్చేసింది అక్కా. వచ్చినాక వెనక్కి తీసుకోలేకపోయినాను.

గ్రేసు ఫోను చేసిందేమో, నేను ఇల్లు చేరేసరికి శాంతి గుడ్డలు కూడా మార్చకుండా గుమ్మంలో నిలబడి ఉంది.

"నీకు భాష రాదు, దావ తెలీదు. చంటిదాన్నేసుకోని యాడికి పోతివి మా? ఎవురన్నా ఏమన్నా చేసింటే?"

"నిన్నెవురన్నా ఏమన్నా చేస్తారనే పోతిని."

అది నా ముందర కింద కూర్చున్నది. నా చెప్పులు విప్పి, తడిసిన కాళ్లు ఒడిలో పెట్టుకొని తుడిచింది. తర్వాత, రేపు నాకు సెలవు, మిగిలిన ఇండ్లకు ఇద్దరమూ పోదాము అన్నది. నిన్న పోయినాము. కొందరు వస్తామన్నారు, కొందరు చూస్తామన్నారు. వస్తామన్నవాళ్లలో గ్రేసు లేదు. చూస్తామన్నవాళ్లలో ఉంది.

రేపే శనివారం. ఈ ఉత్తరం నీకు చేరేసరికి ఆ రోజు దాటిపోయి ఉంటుంది. ఐనా నువ్వు ప్రార్థన చెయ్యి అక్కా. ఆలస్యంగా చేరిందని ఆయన వెనక్కి పంపడు. పోరగాళ్లు రాకూడదని చెయ్యి, మనవాళ్లు రావాలని చెయ్యి, ముందర నిలబడినప్పుడు నా కాళ్లు వణికితే శాంతికి కనబడకూడదని చెయ్యి.

మన చర్చి అయ్యగారికీ, అమ్మగారికీ నా వందనాలు చెప్పు. బావకు దండాలు. చిన్నపిల్లలకు ముద్దులు. పెద్దదానివి, నీ చేయి మా తలల మీద ఉన్నట్లే అనుకొని పోతాము.

భయపడుతూనే బయలుదేరుతున్న నీ చెల్లెలు,
కరుణమ్మ