మా ఊరికి బస్సొచ్చిన రోజు

సోమవారం, రాత్రి

ఆడవాళ్లకు బస్సు ఉచితమని ప్రభుత్వం చెప్పినప్పటి నుంచి మా అవ్వది ఒకటే మాట. "టికెట్ లేదంటున్నరు, మనూరికి బస్సే లేదాయె!" ఎక్కాలంటే ఇచ్చోడ దాకా నడవాల్సిందే. పోయిన నెల ఊరి ఆడవాళ్లందరం డిపోకి వెళ్లి మేనేజర్ గది ముందు కూర్చున్నాం. ఈ పొద్దున బస్సు నిజంగానే వచ్చింది.

ఏళ్లుగా వాయిదా వేస్తున్న కంటి పరీక్షను అవ్వ ఈ రోజే ఆదిలాబాద్ దవాఖానలో చేయించుకుంది. తిరిగి వస్తుంటే, "రేపు గూడ పోదామా బిడ్డా?" అంది.

"రేపు పనేముందే?"

"ఊకెనే!"

బస్సులో అందరూ నవ్వారు.

వానాకాలం వాగు పొంగితే ఈ బస్సు రాదు. వంతెన ఎప్పుడు వేస్తారో... ఆ మాటే అంటే అవ్వ తాపీగా చెప్పింది.

"ఫికర్ జేయకు. కలెక్టరాఫీసుకు పోయి కూసుందాం. ఈసారి నడిచేది లేదు, బస్సులనే పోదాం."