మ్లింత్సీలు ఎంతసేపు నానాలి?

జాగ్రెబ్

పూజ్యులైన అత్తయ్యగారికి,

మీ కొత్త కోడలు నెవెంకా నమస్కరించి రాసేది. ఈసారి క్రిస్మస్‌కి టర్కీ కోడిని మా ఇంట్లో నేనే కాలుస్తున్నాను. పక్కన మ్లింత్సీలు లేకపోతే అది పండగే కాదంటున్నారు మీ అబ్బాయి జ్వొనిమిర్. అవీ అచ్చం మీ చేతివిలా ఉండాలట! పల్చటి రొట్టెలు కాల్చి, ఎండబెట్టి, ముక్కలుగా విరిచి ఉంచాను. వాటిని వేడినీళ్లలో ఎంతసేపు నానబెట్టాలో దయచేసి రాయండి.

మీ నెవెంకా

తా.క. నిన్న నా సూప్ తాగుతూ కూడా ఆయన మీ మ్లింత్సీలనే పొగిడారు.


చి. సౌ. నెవెంకాకు,

అత్తగారు ష్టెఫిత్సా ఆశీర్వదించి రాసేది. ఏటా మా ఊళ్లో జరిగే పండగ ఈ ఏడు మీ ఇంటికి మారిందన్నమాట. సంతోషం. మమ్మల్ని పిలిచినట్టు మాత్రం ఎక్కడా కనబడలేదు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాను కూడా. ఎంతసేపు నానాలంటావా? నానేదాకా నానాలి.

ఆశీస్సులతో, అత్తయ్య

తా.క. మీ మామయ్య "పోనీలేవే, చిన్నపిల్ల" అన్నారు. ఆయనతో మాట్లాడటం మానేశాను.


అత్తయ్యగారికి నమస్కారాలు.

ఎంత మాట! ఇంట్లోవాళ్లకి పిలుపేమిటని రాయలేదు. మీరిద్దరూ రావాలి. మీరు హాయిగా కుర్చీలో కూర్చోవాలి. ఈ వయసులో మీకు పొయ్యి దగ్గర అవస్థ ఎందుకనే నా తాపత్రయమంతా.

మీ నెవెంకా

తా.క. మీ నడుముకి మెత్తటి దిండు కొన్నాను.


చి. సౌ. నెవెంకాకు,

దిండు సంగతి తెలిసింది. నాకింత వయసొచ్చిందని నువ్వు చెప్పేదాకా తెలియలేదు. మొన్న పందిని కోసినప్పుడు సాసేజీలన్నీ కూరింది ఎవరనుకున్నావు? మేం రావడం లేదు. మ్లింత్సీల పద్ధతి రాసుకో: మరిగే నీళ్లు పోసి, మూతపెట్టి, చర్చికి వెళ్లు. వచ్చాక నీళ్లు వంచేసి, కోడి కాల్చిన పళ్లెంలోని కొవ్వులో కలుపు.

అత్తయ్య

తా.క. మధ్యలో లేచి రాకు. ఫాదర్‌గారి ప్రసంగం మొత్తం విను.


పూజ్యులైన అత్తయ్యగారికి,

మీరు చెప్పినట్టే చేశాను. మూత తీస్తే గోడకి కాగితాలంటించే జిగురు! గరిటె గుచ్చితే నిలువునా నిలబడింది. ఏడుస్తూనే వడ్డించాను. ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. నా పని అయిపోయిందనుకున్నాను. "నెవెంకా, అచ్చం అమ్మ చేతివే! నీకెలా వచ్చిందే?" అంటూ గిన్నె ఊడ్చేశారు. మీ మేలు మరిచిపోను.

కృతజ్ఞతలతో, నెవెంకా

తా.క. పండగ భోజనానికి వచ్చిన మా అమ్మ మాత్రం ముట్టుకోలేదు. "పాపం అల్లుడు" అని ఊరుకుంది.


అమ్మా నెవెంకా,

కోపంతో, కావాలని చెడగొట్టే పద్ధతి రాస్తే, అది నా వంటేనని వాడు మురిసిపోయాడా! నీ ఉత్తరం మీ మామయ్యకి చదివి వినిపించి, "ఏమండీ, ఇన్నేళ్లూ నా మ్లింత్సీలు ఎలా ఉండేవి?" అని అడిగాను. ఆయన కిటికీ వైపు తిరిగి, "మెత్తగా" అన్నారు. కోళ్లకి గింజలు వెయ్యాలంటూ లేచి వెళ్లిపోయారు. అప్పటికే ఒకసారి వేశారు.

నాలుగు నిమిషాలు చాలని ఊళ్లో అందరూ అంటారు. నన్ను ఆ నాలుగు నిమిషాల్లోనే ఎవరో ఒకరు గుమ్మంలో నిలబడి మాటల్లో పెట్టేవారు. జనవరి ఆరున, ముగ్గురు రాజుల పండక్కి వస్తున్నాం. మీ అమ్మగారిని కూడా పిలు. ఆవిడ చేస్తుంటే ఇద్దరం చూసి నేర్చుకుందాం.

ప్రేమతో, ష్టెఫిత్సా

తా.క. వాడికి మాత్రం ఏమీ చెప్పకు. వాడి గిన్నె వేరే చేద్దాం.