వంగని వేలు

భీమవరం,
అక్టోబరు 19, ఆదివారం.

ప్రియమైన మెర్సీకి,

ప్రభువు కృప నీకు తోడుండాలని కోరుకుంటూ ఎజ్రా రాసేది. ఇక్కడ నేనూ, అమ్మా, దీవెనా ఆయన దయవల్ల కులాసాగానే ఉన్నాం. మారేడుమిల్లి దాటాక ఆ కొండల్లో అప్పుడే చలి మొదలైందని రాశావు. నువ్వూ, నీ బడి పిల్లలూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, కాని తగ్గిందని ఒప్పుకోదు. దీవెనకి లెక్కల్లో తొంభై రెండు వచ్చాయి, సోషల్లో అరవై దాటలేదు. నువ్వు ఉంటే దగ్గర కూర్చోబెట్టి చదివించేదానివని నా మీద తోసేసింది. వంటింటి కిటికీ రెక్క బాగుచేయించాను. వేలికి నూనె రాసుకుంటున్నారా అని అడిగావు. రాజమండ్రి నుంచి ఫోను వచ్చిందా అని రెండుసార్లు అడిగావు. ఫోను వచ్చింది. ఆ రెండు సంగతులూ చివర రాస్తాను. దయచేసి కాగితం తిప్పేసి ముందే చదవకు. సిగ్నల్ కోసం నువ్వు గుట్ట ఎక్కి మాట్లాడే ఐదు నిమిషాల్లో చెప్పగలిగినవి కావు గనుకే ఇంత పెద్ద ఉత్తరం.

గిటారు సంచి విప్పి చూశారా, బూజు పట్టిందేమో అని కూడా అడిగావు. విప్పాను. విప్పడమే కాదు, రెండు నెలలుగా వాయిస్తున్నాను.

ఎలా మొదలైందో ఉన్నదున్నట్టు రాస్తాను. ఆగస్టులో నీ ఉత్తరం వచ్చింది. బడి స్టోరు గదిలో పాత గిటారు దొరికిందనీ, తీగలు మార్చి సాయంత్రాలు ఆడపిల్లలకు పాటలు నేర్పుతున్నావనీ, నలభైమంది చుట్టూ చేరి నిన్ను గిటారు టీచర్ అంటున్నారనీ రాశావు. దీవెన గట్టిగా చదివి వినిపించింది. అమ్మ కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పింది. నేనూ నవ్వాను. కాని గిటారు టీచర్ అన్న మాట దగ్గర నాకు ఒళ్ళు మండిపోయింది మెర్సీ. మన ఇంట్లో ఉన్న ఈ గిటారు ఐసు ఫ్యాక్టరీలో నా మొదటి జీతంతో నేను కొన్నది. పెళ్ళయిన కొత్తలో నీ వేళ్ళు ఒక్కొక్కటీ పట్టుకుని తీగల మీద పెట్టి నేర్పింది నేను. టీచరువి మాత్రం నువ్వయ్యావు. ఆ సాయంత్రమే మేకుకి వేలాడుతున్న సంచిని దింపాను. పాట మీద ప్రేమతో దింపానని రాస్తే చదవడానికి బాగుంటుంది. నేను ఉక్రోషంతో దింపాను.

తీగలన్నీ తుప్పు పట్టి ఉన్నాయి. శ్రుతి చెయ్యబోతే సన్న తీగ ఠప్పున తెగి నా చెంప మీద కొట్టింది. కొత్త సెట్టు తెచ్చి వేశాను. దీవెన ఫోనులో ఏదో పెట్టి శ్రుతి సరిచేసింది. మొదటి వారం వేళ్ళ కొసలు ఎర్రగా కందిపోయాయి, రెండోవారం తోలు ఊడింది. ఇరవై ఏళ్ళప్పుడు నిద్రలో కూడా పట్టగలిగిన ఎఫ్ కార్డు కోసం తీగలన్నీ కలిపి పళ్ళు బిగించి నొక్కినా చెక్క మీద కొట్టినట్టు టక్ టక్ మనేది. పాట చేతికి గుర్తుంది, చెయ్యే మాట వినడంలేదు. అమ్మ వసారాలోంచి, "ఏంట్రా ఆ చప్పుడు? పిల్లి రేకు మీద గోకుతున్నట్టుంది. మెర్సీ వాయిస్తే ఇలా ఉండేది కాదే!" అంది.

ఆ మాట ఒక్క అమ్మ అంటే సరిపోయేది. దీవెన పక్కన కూర్చుని నా మణికట్టు సర్దుతూ, "అమ్మ ఇలా వంచి పట్టుకోదు నాన్నా. బొటనవేలు వెనక్కి పెడుతుంది" అనేది. అలా పెట్టమని నీకు చెప్పింది ఎవరో ఆ పిల్లకి తెలీదు. చెప్పాలని నోటిదాకా వచ్చి ఊరుకున్నాను.

సెప్టెంబరుకి చేతులు కాస్త దారికొచ్చాయి. హెలెన్ టీచర్ గారు విని, శనివారం చర్చి క్వయిర్ ప్రాక్టీసుకి రమ్మన్నారు. వెళ్ళాను. ఆవిడ నిన్ను కూర్చోబెట్టే కుర్చీ చూపించి, "ఇక్కడ కూర్చోండి ఎజ్రా గారూ. మెర్సీ వెళ్ళినకాడి నుంచీ ఖాళీగానే ఉంచామండి" అన్నారు. నువ్వు రాకముందు పన్నెండేళ్ళు నేను కూర్చున్నది కూడా అక్కడే. అది ఎవరికీ గుర్తులేదు. మొదటి పాట అయ్యాక, "మెర్సీ అయితే ఇక్కడ కొంచెం ఆగుతుందండి" అన్నారు. రెండో పాటకి, "మెర్సీ అయితే ఇక్కడ మెల్లగా అందుకుంటుందండి" అన్నారు. నేను తలూపాను. తలూపుతూ లోపల నిన్ను తిట్టుకున్నాను.

ఆ నెల ఆఖరి ఆదివారం ఆరాధనలో మళ్ళీ వాయించాను. ఎక్కడా తప్పు పోలేదు. పాట మధ్యలో ఒకచోట నేనెవరినో, ఎవరి మీద పంతంతో వచ్చానో కూడా మరిచిపోయాను. తొమ్మిదేళ్ళ తర్వాత ఆ సుఖం మళ్ళీ దొరికింది. పొంగిపోతూ బయటికొచ్చాను. చర్చికి ఎదురుగా ఇడ్లీలు వేసే మహాలక్ష్మమ్మ గారు గబగబా రోడ్డు దాటి వచ్చి, "ఏమయ్యా, మీ ఆవిడ వచ్చేసిందా? లోపల గిటారు వినగానే మా మెర్సీ వచ్చేసిందనుకున్నాను. పిల్లకి ఇష్టమని అల్లం చట్నీ కూడా తీసి పెట్టాను" అంది.

"రాలేదండి. నేనే వాయించాను" అన్నాను.

"నువ్వా!" అంది. ఆవిడ ముఖంలో సంతోషం అక్కడికక్కడే సగమైపోయింది. చట్నీ గిన్నె మాత్రం నా చేతిలోనే పెట్టింది. నేను తినలేదు. దీవెన తినేసింది. నేను నీలా వాయించానని ఆవిడ మెచ్చుకుంటే నాకు ఏడుపొచ్చింది. ఇంతకంటే సిగ్గుపడాల్సిన సంగతి ఉంటుందా అనుకున్నాను. ఉందని నాకే తెలుసు.

ఇక వేలి సంగతి. తొమ్మిదేళ్ళ కిందట ఐసు దిమ్మ జారి నా ఎడమ చెయ్యి ఉంగరం వేలి మీద పడింది. కుట్లు వేశారు. మూడు నెలలు గిటారు పట్టొద్దన్నారు. ఆ మూడు నెలలూ క్వయిర్‌లో నా బదులు నువ్వు కూర్చున్నావు. కుట్లు మానాయి, వేలు వంగింది. ఒక శనివారం నీకు చెప్పకుండా ప్రాక్టీసుకి బయల్దేరాను. చర్చి గుమ్మం దాకా వచ్చేసరికి లోపల నువ్వు వాయిస్తున్నావు. నేను నేర్పిన పాటే, కాని నేను నేర్పినట్టు లేదు. నాకు చేతకానంత బాగుంది. పాట అయ్యాక హెలెన్ టీచర్ గారు, "ఎజ్రా గారు ఇన్నేళ్ళు వాయించారుగానీ, ఈ పాటలో ఇంత ఉందని ఇవాళే తెలిసిందమ్మా" అన్నారు. నేను గుమ్మంలోంచే వెనక్కి తిరిగాను. ఇంటికొచ్చి, వేలు వంగడంలేదని నీతో చెప్పాను.

అది అబద్ధం. వేలు ఆ రోజు వంగింది, మరుసటి రోజూ వంగింది. ఇన్నేళ్ళు నువ్వు కొబ్బరి నూనెలో కర్పూరం కలిపి, నా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, "కొంచెం వస్తోందా అండీ?" అని అడుగుతూ రాస్తుంటే లేదన్నాను. నా కోసం ప్రార్థన పెట్టించావు. నేను కళ్ళు మూసుకుని ఆమెన్ అన్నాను. ఇప్పుడు వాయిస్తుంటే వేలు బాగైందని అందరూ స్తోత్రం చెప్పారు, దానికీ తలూపాను.

ఇక్కడితో ఆపేసి కవరు అంటిద్దామనుకున్నాను. ఇదొక్కటీ రాస్తే నువ్వు రెండు రోజులు అలిగి ఊరుకుంటావు. కాని ఇంకొకటి ఉంది.

ఏడేళ్ళ కిందట రాజమండ్రిలో క్రిస్మస్ పాటల రికార్డింగుకి గిటారు వాయించేవాళ్ళ కోసం నిన్ను పిలిచి విన్నారు, గుర్తుందా? కబురు చేస్తామన్నారు. నీకప్పటికి ఫోను లేదు, నా నంబరు ఇచ్చి వచ్చావు. నెల దాకా ఎదురుచూశావు. ఒకరోజు కూర తరుగుతూ, "నా చెయ్యి వాళ్ళకి నచ్చలేదులెండి. పల్లెటూరి వాయింపు కదా" అని కళ్ళు తుడుచుకున్నావు. నేను నీ భుజం మీద చెయ్యి వేసి ఓదార్చాను.

వాళ్ళు ఫోను చేశారు మెర్సీ. నువ్వు వెళ్ళొచ్చిన నాలుగో రోజునే చేశారు. అందరిలోకీ ముందు నిన్నే ఎంచుకున్నామన్నారు. "ఆవిడకి ఇష్టంలేదండి, పిల్ల చిన్నది" అని నేనే చెప్పాను.

నీ చెయ్యి వాళ్ళకి నచ్చింది. ఆ తర్వాత బయట ఎవరు పిలిచినా, నాకంత రాదులెండి అంటూ తప్పుకున్నావు. నీ నోట ఆ మాట పెట్టింది నేను.

ఇప్పుడు రాజమండ్రి ఫోను. మొన్న బుధవారం మధ్యాహ్నం ఫ్యాక్టరీలో ఉండగా వచ్చింది. నువ్వు వీడియో పంపి, ఇంటి నంబరు ఇచ్చిన పిల్లల సంగీత ఉత్సవం వాళ్ళు. ఒక ఆవిడ, "మెర్సీ మేడం గారి ఇంటి నంబరేనాండి? పిల్లలు పాడిన వీడియో మా వాళ్ళకి చాలా నచ్చిందండి. నవంబరు రెండో శనివారం సాయంత్రం వేదిక మీద చోటిస్తున్నాం. మేడం గారు తీసుకొస్తారాండి?" అని అడిగింది.

నా నోరు అలవాటుపడిపోయింది. "ఆవిడకి కుదరదండి. పిల్లలతో అంత దూరం కష్టం" అనేశాను.

"అయ్యో, అలాగాండి. మరి వేరే బడివాళ్ళకి చెప్పేస్తామండి" అని పెట్టేసింది.

నిజంగా ఏమనిపించిందో రాస్తాను. మొదట హాయిగా అనిపించింది. దాహం తీరినట్టు. కాసేపటికి పిల్లలు గుర్తొచ్చారు. ఏడేళ్ళ కిందట అన్నది నీ ఒక్కదాని గురించి. ఇప్పుడు నేను ముఖం కూడా చూడని నలభైమంది పిల్లల నోట్లో మన్ను కొట్టాను. వెంటనే ఫోను చేశాను, ఎత్తలేదు. సాయంత్రం దాకా చేస్తూనే ఉన్నాను.

గురువారం సెలవు పెట్టి పొద్దున్నే తణుకు మీదుగా రాజమండ్రి బస్సెక్కాను. వాళ్ళ ఆఫీసు వెతుక్కుని వెళ్ళేసరికి పది దాటింది. ఫోనులో మాట్లాడిన ఆవిడే బల్ల దగ్గర ఉంది. నీ పేరూ, బడి పేరూ చెప్పాను.

"నిన్న కుదరదన్నది మీరే కదండీ?"

"ఆయ్, నేనేనండి."

"మరి మేడం గారు ఇప్పుడు వస్తానన్నారా?"

"ఆవిడ రానని అసలు అనలేదండి. నేను అడగనేలేదు. నా అంతట నేనే చెప్పేశాను."

"అదేంటండి! ఎందుకలా?"

"నేను కూడా గిటారు వాయిస్తానండి" అన్నాను.

ఆవిడ కూర్చోమని చెప్పి లోపలికెళ్ళింది. గంటన్నర కూర్చున్నాను. బయటికొచ్చి, "సాయంత్రం చోటు నిన్ననే ఇచ్చేశామండి. అది ఇక రాదు. పొద్దున పదకొండింటికి ఒకటి సర్దారు. సాయంత్రం వచ్చినంత మంది పొద్దున రారు. మేడం గారికి అది కూడా చెప్పండి" అంది. హెడ్మాస్టరు గారి పేరున వాళ్ళ కాగితం రెండు రోజుల్లో అక్కడికి చేరుతుంది. నిండు సభలో పాడాల్సిన పిల్లలు ఖాళీ కుర్చీల ముందు పాడితే అది నా వల్లేనని తెలుసుకో.

ఇంటికొచ్చి దీవెనకి అంతా చెప్పాను. నాతో రెండు రోజులు మాట్లాడలేదు. నిన్న సాయంత్రం కాగితాలూ పెన్నూ తెచ్చి నా ముందు పెట్టి, "అమ్మకి నువ్వే రాయి నాన్నా. సగం కాదు, మొత్తం రాయి" అంది. మా అమ్మకి ఇంకా చెప్పలేదు. నీ జవాబు వచ్చాక చెబుతాను.

మన్నించమని అడగడానికి నోరు రావడంలేదు. నువ్వు తొందరగా మన్నించేస్తావు, అదే నా భయం. ఈసారి తొందరపడకు. కోపం వస్తే వచ్చినంతా రాయి.

హెలెన్ టీచర్ గారితో శనివారం మాట్లాడాను. క్రిస్మస్ సెలవులకు నువ్వు వచ్చినప్పుడు కుర్చీలు రెండు వేయమన్నాను. నీ పక్కన కూర్చోవడం నీకిష్టమైతేనే. లేకపోతే వెనక బెంచీలో ఉంటాను. గిటారు మాత్రం ఇక మానను. ఉక్రోషంతో మొదలుపెట్టినా, రోజూ కాసేపు పట్టుకోకపోతే ఇప్పుడు ఏమీ తోచడంలేదు.

అసూయ పోయిందని రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. పోలేదు. ఈ ఉత్తరం రాస్తూ కూడా, నలభైమంది నీ వెనక నిలబడి పాడుతుంటే ఎలా ఉంటుందో తలుచుకుని రెండుసార్లు కలం పక్కన పెట్టాను. అయినా ఆ శనివారం తొలి బస్సుకే దీవెనని తీసుకుని వస్తాను. క్వయిర్ వాళ్ళందరినీ రమ్మని అడిగాను, పదిహేనుమంది వస్తామన్నారు. మహాలక్ష్మమ్మ గారు కొట్టు మూసి మరీ వస్తానంది. ముందు వరుస కుర్చీలు నింపే పూచీ నాది. నీ పాట అయ్యాక అందరూ చప్పట్లు కొడతారు. అప్పుడు నా మనసులో ఏముంటుందో ఇప్పుడే చెప్పలేను. చప్పట్లు మాత్రం అందరికంటే ముందు నేను కొడతాను.

ఇట్లు,
నీ కోపానికి సిద్ధపడి ఉన్న నీ భర్త,
దీవెన నాన్న,
ఎజ్రా.