ఖాళీ బొక్కెనలు

ఎమ్మిగనూరు, 1956 ఏప్రిల్, మంగళవారం.

మగ్గాల వీధిలో నిప్పు పడితే ఆర్పడానికి ఇచ్చే తర్ఫీదు ఈరోజూ జరిగింది. బావి నుంచి వీధి చివరనున్న నా కూతురు నాగమ్మ ఇంటిదాకా వరుసగా నిలబడి బొక్కెనలు చేతులు మార్చాం. ఎండాకాలం నీళ్లు వృథా చేయకూడదని మొదటి రోజు నుంచీ ఖాళీ బొక్కెనలతోనే చేస్తున్నాం. తర్ఫీదు ఇవ్వడానికి ఆదోని నుంచి వచ్చిన ఫైరింజను జమేదారు మా వేగం చూసి మెచ్చుకున్నాడు. నాకే మనసు ఒప్పలేదు. "ఒక్కసారి నింపి చూద్దామప్పా" అన్నాను.

నింపాం. సగం దారికే చేతులు జారాయి, ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకున్నారు. నాగమ్మ గడప చేరేసరికి బొక్కెన అడుగున కాసిని నీళ్లు మిగిలాయి.

బావి దగ్గర ఈరమ్మవ్వ కేకలు వేసింది. "తాగేకి కడవ నీళ్లు దొరకక మేము సస్తాంటే, మీరు దోవన పోసి ఆడుకుంటాండారా?"

"నిప్పు పడితే నువ్వే రా అవ్వా, నీ తిట్లకే ఆరిపోతాది" అన్నాడు నేతగాడు హనుమంతు. అందరూ నవ్వారు. జమేదారు కూడా నవ్వి, "సాల్లేప్పా, మళ్లా ఖాళీవే పట్టండి" అన్నాడు. నేనూ ఖాళీ బొక్కెనే అందుకున్నాను.

నా ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు, రెండు కడవలు నింపి గడప దగ్గర పెట్టుకొమ్మని నాగమ్మకు చెప్పాను. "అన్ని నీళ్లుంటే బిడ్డకు తానం పోయనా నాయనా" అంది. పొయ్యి మండుతోంది, ఆ పక్కనే పసిబిడ్డ నిద్రపోతోంది.

ఇప్పుడు గాలి లేచింది. వాళ్ల ఇంటి బోదగడ్డి కప్పు కదిలే చప్పుడు ఇక్కడిదాకా వినబడదని తెలుసు. అయినా వింటూ కూర్చున్నాను...