ఆదివారం ఆగని ల్యాప్‌టాప్

తాండూరు,
బుధవారం.

యాకోబు అన్నకు నీ చెల్లెలు నిరోష వందనాలు. ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. అక్కడ రెబెక్క వదిన, పాప క్షేమంగా ఉండాలని రోజూ ప్రార్థన చేస్తున్నాను. నీ క్షేమం సంగతి ఈ ఉత్తరం చివరిదాకా చదివాక నువ్వే చూసుకో.

మనం ఫోన్‌లో మాట్లాడుకోవడం మానేశాక నువ్వు అమ్మ చేతికిచ్చి పంపిన ఉత్తరం నెల కిందటే అందింది. కొత్త ల్యాప్‌టాప్ మాటిమాటికీ ఎందుకు ఆగిపోతోందో తేల్చడానికి ఏకంగా ప్రశ్నాపత్రమే పంపావు. వికారాబాద్‌లో పొద్దంతా ఆఫీసు కంప్యూటర్ల ముందు కూర్చునేవాడివి, నీకు తెలియనిది ఉంటుందా. అడిగినవాటికి జవాబులు రాస్తున్నాను, చదువుకో.

పరుపు మీద పెట్టి వాడుతున్నావా అన్నావు. లేదు. అమ్మ కందిపప్పు డబ్బాలు జరిపి బల్ల ఖాళీ చేసి ఇచ్చింది, దాని మీదే ఉంటుంది. పక్కింటి పిల్లలకు ఆటలకు ఇస్తున్నావా అన్నావు. వాళ్లు దాన్ని ముట్టుకోను కూడా లేదు. ఆపి మళ్లీ ఆన్ చెయ్యమన్నావు. చేసీ చేసీ నా వేలు నొప్పి పుట్టింది. రిపేరుకు చూపించావా అన్నావు. చాలాసార్లు చూపించాను. బస్టాండ్ దగ్గర బీరన్న అనే అతని షాపు ఉంది. మొదటిసారి లోపలికి నాపరాళ్ల దుమ్ము పోయిందని విప్పి ఊదాడు. మన ఊళ్లో ఏది చెడినా ముందు నింద ఆ దుమ్ము మీదికే పోతుంది. తర్వాత మా ఇంట్లో కరెంటు సరిగా లేదన్నాడు. ఆ తర్వాత ల్యాప్‌టాప్ నా కోపానికి భయపడుతోందన్నాడు. ఏదీ నిజం కాలేదు. "నీకు వాడరాదు" అని నువ్వు చివర్లో రాసింది ప్రశ్న కాదు కాబట్టి దానికి జవాబు లేదు.

అది ఆగిపోతే ఎలా ఉంటుందో నీకు తెలియాలి. ఆన్‌లైన్‌లో పిల్లలకు భిన్నాలు చెబుతుంటాను, ఉన్నట్టుండి తెర బిగుసుకుపోతుంది. అవతల పిల్లలకు నోరు తెరిచి, ఒక కన్ను మూసి ఉన్న నా మొహం అలాగే కనబడుతుంది. పిల్లలు నవ్వుతారు, వాళ్ల తల్లిదండ్రులు ఫిర్యాదు చేస్తారు. ఇంకోసారి ఇలా అయితే తీసేస్తామని మా మేనేజర్ జ్యోతిరాణి మేడం చెప్పేసింది. తీసేస్తే ఏమవుతుందో మనిద్దరికీ తెలుసు. ఈ ఉద్యోగం పర్మినెంట్ కాకపోతే ఈస్టర్ తర్వాత పూడూరు సంబంధం చేసుకోవాలని అమ్మ ముందు నన్ను ఒప్పించింది నువ్వే. ల్యాప్‌టాప్ కొనిచ్చిందీ నువ్వే. దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి మరీ ఇచ్చావు. నేను ఆమెన్ అన్నాను.

ఆదివారం చర్చికి పోకుండా క్లాసులు చెబుతున్నావట కదా అని కూడా నిలదీశావు. నిజమే. పొద్దున క్లాసు ఉంటుంది కాబట్టి సాయంత్రం ఆరాధనకు పోతున్నాను. కానీ ఆ ఆదివారాల్లోనే నాకు ఒక సంగతి తెలిసింది. ఆదివారం పొద్దున ల్యాప్‌టాప్ ఎప్పుడూ ఆగలేదు. మిగతా రోజుల్లో క్లాసు సగం కాకముందే ఆగేది.

"దేవుని దినం బిడ్డా, గందుకే నడుస్తున్నది" అంది అమ్మ. నేనూ కొన్నాళ్లు నమ్మాను. ఒక ఆదివారం క్లాసు మధ్యలో అమ్మ టీ తెచ్చి పెట్టి, "గిప్పుడు మీ అన్న చర్చిల పాటలు పాడుతుంటడు. ఫోన్ బందు పెట్టి వదిన చేతికిస్తడు, ముట్టనే ముట్టడు" అని మురిసిపోయింది. నా నోట మాట ఆగిపోయింది. ల్యాప్‌టాప్ ఆగలేదు.

ఇప్పుడు నేను చేసిన పని చెబుతాను. ఆ వారమే దాంట్లో ఒక అబద్ధం టైపు చేశాను. "శనివారం పొద్దున ధారూర్ స్టేషన్‌ల కలుద్దాం, ఎవ్వరికీ చెప్పకు" అని రాశాను. ఎవరికీ పంపలేదు. కాసేపు తెర మీద ఉంచి చెరిపేశాను. శనివారం వికారాబాద్ వైపు పోయే ప్యాసింజర్ ఎక్కాను. ధారూర్‌లో బండి ఆగేసరికి నువ్వు ప్లాట్‌ఫారం మీద ఉన్నావు. చర్చికి వేసుకునే తెల్ల చొక్కా వేసుకొని, దిగుతున్న ఆడవాళ్ల మొహాలు వెతుకుతున్నావు. నేను చున్నీ కప్పుకొని కిటికీ పక్కనే కూర్చున్నాను. దిగలేదు. నిన్ను చూస్తే అసహ్యం వేసింది. నాన్న పోయాక నన్ను సైకిల్ మీద బడికి దింపింది నువ్వే కదా, అందుకే ఇంకా ఎక్కువ వేసింది.

ఆ సోమవారం ల్యాప్‌టాప్ మళ్లీ బీరన్న దగ్గరికి తీసుకుపోయాను. "మా ఇంటోల్లు దీంట్ల ఏదో పెట్టిన్రు, జర చూడు" అన్నాను. పాస్‌వర్డ్ కొట్టమని దాన్ని నా వైపు తిప్పి, అతను గోడ వైపు మొహం పెట్టుకొని నిలబడ్డాడు. కొట్టానని చెప్పేదాకా ఇటు తిరగలేదు. ఆ తర్వాత వెతికితే దొరికింది, నా తెర మీదున్నదంతా నీ ఫోన్‌లో చూపించే ప్రోగ్రామ్. నువ్వు అక్కడ తెరిచి చూసినప్పుడల్లా ఇక్కడ క్లాసునూ దాన్నీ కలిపి మోయలేక ల్యాప్‌టాప్ ఆగిపోయేది.

"తీసెయ్యాల్నా? ఇంటోల్లు పెట్టిందంటున్నవు" అని అడిగాడు.

"తీసెయ్" అన్నాను.

అది తీసేసి మూడు వారాలైంది, ల్యాప్‌టాప్ ఒక్కసారి కూడా ఆగలేదు. నిన్న జ్యోతిరాణి మేడం ఫోన్ చేసింది. ఉద్యోగం పర్మినెంట్ అయింది. పూడూరు వాళ్లకు ఏం చెప్పుకుంటావో చెప్పుకో. ఇన్నాళ్లు నా తెర చూశావు కదా అన్నా, నేను భిన్నాలు ఎంత బాగా చెబుతానో ఒక్కసారైనా గమనించావా? ఇదంతా ఫోన్‌లో చెప్పకుండా కాగితం మీద ఎందుకు రాస్తున్నానంటే, ఈ ఫోన్ కూడా నువ్వు కొనిచ్చిందే.

ఈ ఉత్తరం అమ్మే తెస్తుంది. తనకు చదవడం రాదు కాబట్టి, ఎదురుగా కూర్చోబెట్టుకొని నువ్వే పైకి చదివి వినిపించు. ఏ ముక్కా దాటెయ్యకు. అమ్మకు అన్నీ చెప్పే పంపుతున్నాను.

ఇక మిగిలింది ఒక్క మాట. నువ్వు ఆ ప్రోగ్రామ్ పెట్టి వెతికినప్పుడు నా జీవితంలో ఎవరూ లేరు. ఇప్పుడు ఉన్నాడు. బీరన్నే. దౌల్తాబాద్ అతను, గొర్లు కాసే ఇల్లు, మన చర్చివాడు కాదు. మొన్న ఇంటికి వచ్చి అమ్మతో మాట్లాడాడు. "నిరోషను ఏం అడగాల్నన్నా నిరోషనే అడుగుతనమ్మా" అన్నాడు. అమ్మ లేచి కంచం తెచ్చింది. తర్వాత అన్నం పెట్టింది. ల్యాప్‌టాప్ ఆగకపోతే నేను ఆ షాపు మెట్లు ఎక్కేదాన్నే కాదు. ఈ సంబంధం కుదిర్చింది నువ్వే అన్నా.

ఇట్లు,
నీ చెల్లెలు
నిరోష