బీరువా మీద ఉండాల్సిన స్పీడ్ బ్యాగు

ప్రియమైన అప్పకు,

లీడ్స్ నుంచి తమ్ముడు సుధాకర్ ప్రభువు పేరిట వందనాలతో రాసేది. నువ్వు, బావ, అమ్మ ఆయన దయవల్ల కులాసాగా ఉన్నారని తలుస్తాను. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నేను బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోవద్దని చెప్పు.

ఈ ఇంగ్లండులో ఎండ మొహం చూసి చాలా రోజులైంది. వృద్ధుల హోం లాండ్రీలో తడి దుప్పట్లు మోసి మోసి భుజాలు పట్టేస్తున్నాయి. తిండికి లోటు లేదు గానీ, ఎండునెత్తళ్లు వేయిస్తే ఆ చేపల వాసనకి కింది వాటా ఆవిడ వచ్చి తలుపు బాదుతుంది. ఆదివారం చర్చి నుంచి వచ్చాక మాట్లాడేవాళ్లుండరు. నాకున్న వ్యాపకమల్లా బాక్సింగ్ సాధనకి వేలాడదీసి గుద్దే పాత స్పీడ్ బ్యాగులు పోగుచేయాలని చూడడమే. అది నీకు పిచ్చిగా కనిపిస్తుందని తెలుసు.

నీకు పంపిన బ్యాగు కోసం ఎంత తిప్పలు పడ్డానో విను. ఆన్‌లైన్ వేలంలో చివరిదాకా నా పాటే పైన ఉంటుంది. తీరా ముగిసే క్షణంలో ఎవడో వచ్చి ఎగరేసుకుపోతాడు. ప్రతిసారీ ఇదే తంతు. దక్కింది ఆ ఒక్కటే. చేత్తో కుట్టిన నల్ల తోలు, తాడుతో బిగించే మూతి, ఎప్పుడో మూతబడిన జిమ్ములోది. నా గదిలో చెమ్మకి బూజు పడుతోందని, విశాఖ వెళ్లే స్నేహితుడికిచ్చి నీ దగ్గరికి పంపాను. బీరువా మీద పెట్టు, ఎవరినీ ముట్టనివ్వకు అని మరీ మరీ చెప్పాను.

నువ్వేం చేశావు? మనిద్దరం బాక్సింగ్ నేర్చుకున్న చర్చి వెనక షెడ్డులోనే, ఇప్పుడు నీ దగ్గర నేర్చుకుంటున్న ఆడపిల్లలు కొట్టడానికి వేలాడదీశావు. కుట్టు దగ్గర పగిలిపోయింది.

మొన్న ఫోనులో అడిగితే నా మీదే లేచావు.

"ఒరే, కొట్టకపోతే బేగు ఎందుకురా? పిల్లలు గోడని గుద్దుకుంతన్నారు, నువ్వేటి బీరువా మీద పెట్టమంతావు!"

"అలాంటిది మళ్లీ దొరకదప్పా."

"కొత్తవి పంపమని ఎన్నిసార్లు సెప్పేను? ఇన్నావేటి?"

ఫోను పెట్టేసి చూస్తే, నేను కాచుకుని కూర్చున్న ఇంకో వేలం అయిపోయింది. అచ్చం దానికి జోడీలాంటి బ్యాగు. నీతో తగువులో పాట పెంచడమే మరిచిపోయాను. ఉన్నది చిరిగింది, రావాల్సింది పోయింది. ఆ పూట అన్నం సయించలేదు.

తెల్లారి బావ ఫోటో పంపాడు. చెప్పులు కుట్టే అతని చేత అతుకు వేయించాడట. నల్ల తోలుకి ఎర్ర రెక్సిను! "సూడ్రా సుధా, కొత్తదానిలాగ ఉన్నాది" అని కింద రాశాడు. ఇక దాన్ని ఏ వేలంలోనూ ఎవడూ కన్నెత్తి చూడడు.

నా కోపం ఇంకా తగ్గలేదు. అయినా ఈ గొడవ అమ్మ చెవిన వెయ్యకు, ఊరికే దిగులు పడుతుంది. ఇటు వచ్చేవాళ్లుంటే కాస్త చింతపండు పంపు. పాస్టరు గారికి, బావకి వందనాలు. అమ్మని నా కోసం ప్రార్థన చెయ్యమను.

నీ ఆశీస్సులు కోరే తమ్ముడు,
సుధాకర్

మరో మాట. బావ పంపిన ఫోటోలో బ్యాగు దగ్గరున్న రెండు జడల పిల్ల కుడి చేత్తో కొడుతూ ఎడమ చెయ్యి కిందకి వదిలేస్తోంది. అదే అలవాటైతే రింగులో మొహం పగులుతుంది. నువ్వేం చూస్తున్నావప్పా? చెయ్యి ఎత్తి ఉంచమని చెప్పు. సరిచేశాక ఇంకో ఫోటో తీసి పంపు.